ఆగిన చదువును పూర్తిచేసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్



మీలో కొందరు అమ్మకో నాన్నకో బదిలీ అయ్యి ఢిల్లీ నుంచి బిలాస్‌పూర్ వచ్చారు. ఢిల్లీ మెట్రో పింక్ లైన్‌లో ‘దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్’ అనే స్టేషన్ ఒకటి ఉంది. ఢిల్లీ విశ్వవిద్యాలయం దక్షిణ ప్రాంగణానికి వెళ్లే విద్యార్థులు అక్కడే దిగుతారు. ఆ పేరు చూసి ఆమె మహారాష్ట్ర ఆవిడ అనుకునేవాళ్లు చాలామంది. నిజానికి ఆమె గోదావరి ఒడ్డున పుట్టిన తెలుగావిడ. ఆమె పేరు ఒక యూనివర్సిటీ వాకిట్లో ఉండటం ఎంతో సబబు. చదువు మధ్యలో ఆగిపోతే ఎలా ఉంటుందో, దాన్ని మళ్లీ అందుకుని పూర్తిచేయాలంటే ఏమేం కావాలో ఆమె స్వయంగా అనుభవించి తెలుసుకున్నారు. ఆ తర్వాత వేలాది మంది ఆడవాళ్లకు ఆ దారి చూపించారు.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. తండ్రి రామారావు గారు, తల్లి కృష్ణవేణమ్మ గారు. ఆమె బాల్యం కాకినాడలో గడిచింది. ఆ రోజుల్లో ఆడపిల్లలకు చిన్న వయసులోనే పెళ్లిళ్లు చేసేవారు. దుర్గాబాయికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఎనిమిదేళ్లంటే మన బడిలో మూడో తరగతి. ఊహ తెలిశాక ఆ పెళ్లి తనకు వద్దనీ, చదువుకుంటాననీ ఆమె చెప్పారు. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు. నూరేళ్ల కిందట ఒక ఆడపిల్ల అలా చెప్పడం మామూలు సంగతి కాదు. అంతకంటే గొప్ప సంగతి, ఇంట్లో నాన్న, తమ్ముడు ఆమె పక్షాన నిలబడటం.

ఆమె బడి చదువు అప్పటికే ఆగిపోయింది. బడిలో పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెప్పాలని పెట్టినప్పుడు, అది నచ్చక ఆమె బడి మానేశారు. బడి మానేసినా పుస్తకం వదల్లేదు. పట్టుబట్టి హిందీ నేర్చుకున్నారు. తాను నేర్చుకున్నది చుట్టుపక్కల ఆడపిల్లలకు, వాళ్ల అమ్మలకు నేర్పడానికి ఒక బాలికా హిందీ పాఠశాల పెట్టారు. ఆ పంతులమ్మకు అప్పటికింకా మీ వయసే!

1921లో గాంధీగారు కాకినాడ వచ్చినప్పుడు, సమాజం చిన్నచూపు చూసే దేవదాసీ స్త్రీలు కూడా ఆయన మాట వినాలని దుర్గాబాయి పట్టుబట్టారు. సభ ఏర్పాటు చేయించారు. గాంధీగారి హిందీ ప్రసంగాన్ని తెలుగులోకి మార్చి చెప్పింది కూడా ఆమే. 1923లో కాకినాడలో కాంగ్రెస్ మహాసభలు జరిగాయి. అక్కడి ప్రదర్శనశాల గేటు దగ్గర ఆమె వాలంటీరు. టికెట్టు లేకుండా ఎవరినీ పంపవద్దని ఆమెకు చెప్పారు. జవహర్‌లాల్ నెహ్రూ టికెట్టు లేకుండా వస్తే ఆయననూ ఆపేశారు. నిర్వాహకులు టికెట్టు కొని తెచ్చాకే లోపలికి పంపారు. ఈ కథ మీలో చాలామంది విన్నదే కాబట్టి దీన్ని ఇక్కడితో ఆపుతాను. పెద్దగా ఎవరూ చెప్పని కథ దీని తర్వాతది.

1930లో ఉప్పు సత్యాగ్రహం వచ్చింది. మద్రాసులో దుర్గాబాయి ముందు వరసలో నిలిచి అరెస్టయ్యారు. 1930 నుంచి 1933 లోపల మూడుసార్లు జైలుకు వెళ్లారు. మదురై జైలులో ఆమెను ఒంటరి గదిలో ఉంచారు. ఆ జైళ్లలో ఆమె మామూలు నేరాల మీద వచ్చిన ఆడ ఖైదీలను చూశారు. తమ మీద ఉన్న కేసేమిటో, చట్టం ఏం చెబుతుందో వాళ్లలో చాలామందికి తెలియదు. కాగితం మీద ఏం రాసి ఉందో చదవలేరు. లాయరును పెట్టుకునే డబ్బు లేదు. వాళ్ల తరఫున మాట్లాడాలంటే తాను లాయరు కావాలి అనుకున్నారామె.

అనుకోవడం ఒకటి, కావడం ఒకటి. లాయరు కావాలంటే ముందు డిగ్రీ ఉండాలి. డిగ్రీలో చేరాలంటే ఇంటర్మీడియట్ ఉండాలి. ఇంటర్‌లో చేరాలంటే మెట్రిక్ పాసవ్వాలి. 1933లో ఆమెకు 24 ఏళ్లు. ఆ వయసుకు బడికి సరిగ్గా వెళ్లినవాళ్లు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం చూసుకుంటారు. ఆమె చేతిలో మెట్రిక్ సర్టిఫికెట్ కూడా లేదు. ఇంగ్లీషు వద్దని ఒకప్పుడు బడి వదిలిన మనిషి ఇప్పుడు ఇంగ్లీషు పాఠాల ముందు కూర్చోవాలి. ఆ వయసులో చిన్నపిల్లల పక్కన బడిలో కూర్చోబెట్టుకునేవారు ఎవరు?

అప్పుడు ఆమెకు ఒక దారి కనిపించింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం నడిపే మెట్రిక్ పరీక్షను ప్రైవేటుగా రాయవచ్చు. అంటే రోజూ బడికి వెళ్లకుండా ఇంట్లో చదువుకుని నేరుగా పరీక్షకు కూర్చోవచ్చు. వయసు అడ్డు కాదు. ఇంట్లోనే చదివి, కాశీ వెళ్లి పరీక్ష రాసి ఆమె మెట్రిక్ పాసయ్యారు. తర్వాత ఇంటర్మీడియట్ కూడా పూర్తిచేశారు. ఆ ఒక్క వెసులుబాటు లేకపోతే దుర్గాబాయి చదువు అక్కడే ఆగిపోయేది.

ఆ తర్వాత ఆమె రాజనీతి శాస్త్రం చదవాలనుకున్నారు. బెనారస్‌లో అది మగపిల్లల చదువు అన్న అభిప్రాయం ఉండేది. అక్కడ కుదరకపోవడంతో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు చూశారు. రైల్వే కాలనీ పిల్లలకు వాల్తేరు పేరు కొత్త కాదు. కోర్బా నుంచి బిలాస్‌పూర్ మీదుగా విశాఖపట్నం వెళ్లే బండి మన ప్లాట్‌ఫారం మీదే ఆగుతుంది. ఆ విశాఖ స్టేషన్‌కు పాత పేరు వాల్తేరే. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. అప్పుడు దాని వైస్ ఛాన్సలర్ కట్టమంచి రామలింగారెడ్డి గారు, గొప్ప పండితుడు. దుర్గాబాయి వెళ్లి సీటు అడిగారు. ఆమె తెలివి మీద ఆయనకు అనుమానం లేదు. కానీ అక్కడ ఆడపిల్లలకు హాస్టల్ లేదు. హాస్టల్ లేకుండా బయటి ఊరి ఆడపిల్లను ఎలా చేర్చుకుంటామన్నది ఆయన సందేహం.

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించండి. ఆమెకు అర్హత ఉంది. పట్టుదల ఉంది. పాఠం చెప్పే ప్రొఫెసర్లు ఉన్నారు. లేనిదల్లా రాత్రి పడుకోవడానికి ఒక గది! మీరైతే ఏం చేస్తారు? చాలామంది ఇంటికి తిరిగి వెళ్లిపోతారు. దుర్గాబాయి పత్రికలో ఒక ప్రకటన వేయించారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదవాలని ఉండి, హాస్టల్ లేక ఆగిపోయిన అమ్మాయిలు ఎవరైనా ఉంటే తనకు రాయమని అందులో కోరారు. ఉత్తరాలు వచ్చాయి. తన లాంటి వాళ్లు ఇంకా ఉన్నారని అప్పుడు అందరికీ తెలిసింది. ఆ అమ్మాయిలందరూ కలిసి ఒక వసతి చూసుకుని తామే హాస్టల్ మొదలుపెట్టుకున్నారు. ఇక యూనివర్సిటీ కాదనడానికి కారణం మిగల్లేదు. ఆమెతో పాటు మిగతావాళ్లకూ సీట్లు దొరికాయి.

దుర్గాబాయి తనకొక్కదానికే గది వెతుక్కుని ఉండవచ్చు. అప్పుడు ఆ ఏడాది ఒక్క అమ్మాయి చదివేది. అందరినీ కూడగట్టడం వల్ల తర్వాత వచ్చే అమ్మాయిలకు కూడా దారి తెరుచుకుంది. తనకు వచ్చిన కష్టం ఇంకెంతమందికి ఉందో కనుక్కోవడం, అందరికీ కలిపి ఒక ఏర్పాటు చేయడం ఆమె పద్ధతి. జీవితాంతం ఆమె చేసిన పనులన్నిటిలో ఇదే కనబడుతుంది.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం పూర్తిచేశాక ఆమె మద్రాసు వెళ్లి లా చదివారు. 1942లో లా డిగ్రీ చేతికి వచ్చింది. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు నిండాయో నిండబోతున్నాయో. మద్రాసు హైకోర్టులో న్యాయవాదిగా చేరారు. జైలు గదిలో అనుకున్న మాట దాదాపు పదేళ్లకు నిజమైంది.

ఈ మధ్యలోనే, తాను ఇంకా చదువుకుంటున్న రోజుల్లోనే, మరో పని మొదలైంది. మద్రాసు మైలాపూరులో వాళ్లింటి చుట్టుపక్కల ఆడపిల్లలు ఉండేవారు. బడి మానేసినవాళ్లు, చిన్నతనంలోనే పెళ్లయినవాళ్లు, భర్త పోయినవాళ్లు. వాళ్లను పోగుచేసి, తాను రాసిన ఆ బెనారస్ మెట్రిక్ పరీక్షకే చదివించడం మొదలుపెట్టారు దుర్గాబాయి. పుస్తకాలు ఏవి చదవాలో, పరీక్షలో ఏం అడుగుతారో ఆమెకు అనుభవం మీద తెలుసు. అలా 1937లో ఆంధ్ర మహిళా సభ పుట్టింది. తల్లి కృష్ణవేణమ్మ గారు అండగా నిలిచారు. ఆ చిన్న ట్యూషన్ క్లాసు పెరిగి పెరిగి హాస్టళ్లు, బడులు, ఆసుపత్రులు, టీచర్ల శిక్షణ సంస్థలు అయ్యింది. హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం దగ్గర ఉన్న ఆంధ్ర మహిళా సభ కాలేజీ గురించి మీ పిన్నులూ అత్తలూ చెప్పే ఉంటారు. దాని వేరు ఆ మైలాపూరు క్లాసులోనే ఉంది.

1946లో మన దేశానికి రాజ్యాంగం రాయడానికి రాజ్యాంగ పరిషత్తు ఏర్పడింది. అందులోని 15 మంది మహిళల్లో దుర్గాబాయి ఒకరు. సభాధ్యక్షుల ప్యానెల్‌లో ఉన్న ఒకే ఒక మహిళ కూడా ఆమే. బడి చదువు పూర్తికాని అమ్మాయి దేశ రాజ్యాంగం మీద చర్చను నడిపే కుర్చీ దాకా వెళ్లింది.

స్వతంత్రం వచ్చాక ఆమె ప్రణాళికా సంఘంలో సభ్యురాలయ్యారు. 1953లో అప్పటి ఆర్థిక మంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్ గారిని పెళ్లి చేసుకున్నారు. రిజర్వ్ బ్యాంకుకు మొదటి భారతీయ గవర్నర్ ఆయనే. అదే ఏడాది కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షురాలు దుర్గాబాయి.

అప్పుడు ఒక విచిత్రమైన సమస్య ఎదురైంది. పల్లెల్లో పంతులమ్మలు కావాలి, నర్సులు కావాలి, గ్రామసేవికలు కావాలి. ఉద్యోగాలు ఉన్నాయి. పని చేయాలన్న ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లలో చాలామంది ఇల్లు గడవక అల్లాడుతున్నవాళ్లు. కానీ ఆ ఉద్యోగాలకు ఎనిమిదో తరగతో మెట్రిక్కో పాసై ఉండాలి. నాలుగో తరగతిలో చదువు ఆపేసి, ఇప్పుడు ఇరవై అయిదేళ్లున్న మనిషి మెట్రిక్ దాకా రావాలంటే మామూలు బడిలో ఆరేడేళ్లు పడుతుంది. ఆమెకు అంత తీరిక ఎక్కడిది? ఇంట్లో పిల్లలున్నారు, పొయ్యి వెలగాలి.

1958లో సంక్షేమ మండలి ‘కండెన్స్‌డ్ కోర్సులు’ మొదలుపెట్టింది. పాలను మరగబెట్టి కోవా చేసినట్టు, ఏళ్ల తరబడి సాగే చదువును దగ్గరకు మరిగించి రెండేళ్లలో చెప్పే కోర్సులవి. ముఖ్యంగా 18 నుంచి 30 ఏళ్ల మధ్య ఉన్న ఆడవాళ్లకోసం. పెద్దవాళ్లకు లోకజ్ఞానం ఉంటుంది. బజారులో లెక్క తెలుసు, మనుషుల తీరు తెలుసు. కాబట్టి చిన్నపిల్లలకు ఏడాది పట్టే పాఠం వాళ్లకు కొద్ది నెలల్లో వస్తుంది. ఈ నమ్మకం మీదే ఆ కోర్సు నిలబడింది. మండలి డబ్బు ఇచ్చేది, ఆయా ఊళ్లలోని స్వచ్ఛంద సంస్థలు క్లాసులు నడిపేవి. రెండేళ్లు కాగానే బయటి పిల్లలు రాసే పరీక్షే వీళ్లూ రాసేవారు. పరీక్షలో మినహాయింపు లేదు, చదువులో తేలిక లేదు. వాళ్లకు ఇచ్చిందల్లా వాళ్ల జీవితానికి సరిపోయే సమయపట్టిక. అలా చదివినవాళ్లు టీచర్లుగా, నర్సులుగా, సేవికలుగా ఉద్యోగాల్లోకి వెళ్లారు. మైలాపూరు ఇంట్లో ఒకప్పుడు చేసిన పనే ఇప్పుడు దేశమంతటా జరిగింది.

అదే 1958లో స్త్రీ విద్య మీద ప్రభుత్వం వేసిన జాతీయ సంఘానికి అధ్యక్షురాలు కూడా దుర్గాబాయే. మరుసటి ఏడాది నివేదిక ఇచ్చారు. అబ్బాయిల చదువుకూ అమ్మాయిల చదువుకూ మధ్య ఉన్న దూరం తగ్గించాలంటే దాన్ని ప్రత్యేకమైన పనిగా పెట్టుకుని చేయాలని ఆ సంఘం తేల్చింది. ఆ తర్వాత ఏర్పడిన జాతీయ స్త్రీ విద్యా మండలికి కూడా ఆమే మొదటి అధ్యక్షురాలు.

భార్యాభర్తలు ఇద్దరూ చదువు పనిలోనే ఉన్నారు. చింతామణ్ గారు యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ అధ్యక్షుడిగా పనిచేసి, 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆ ఏడాదే అక్కడ కరస్పాండెన్స్ కోర్సులు మొదలయ్యాయి. పగలు ఉద్యోగం చేసుకునేవాళ్లు, ఇల్లు వదిలి రాలేనివాళ్లు పోస్టులో పాఠాలు తెప్పించుకుని డిగ్రీ చదివే పద్ధతి మన దేశంలో అలా ఆరంభమైంది.

దుర్గాబాయికి 1971లో నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం, 1975లో పద్మవిభూషణ్ వచ్చాయి. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. ఆ మరుసటి ఏడాదే, 1982లో, హైదరాబాద్‌లో దేశంలోని మొదటి ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది. ఇప్పుడు దాన్ని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అంటున్నాం. 1985లో ఢిల్లీలో ఇగ్నో వచ్చింది. 2005లో మన బిలాస్‌పూర్‌లోనే పండిత్ సుందర్‌లాల్ శర్మ ఓపెన్ యూనివర్సిటీ ఏర్పడింది. వయసు దాటినా, ఉద్యోగంలో ఉన్నా, ఊరు మారినా డిగ్రీ పూర్తిచేసుకునే వీలు ఇవన్నీ కల్పిస్తాయి.

ఇదంతా మీకెందుకు చెబుతున్నానో మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. మన బడిలో ఏడాది మధ్యలో వచ్చే పిల్లలు ఉంటారు, ఏడాది మధ్యలో వెళ్లిపోయేవాళ్లూ ఉంటారు. నేనూ బదిలీల మీద తిరిగిన మనిషినే. ఏ ఊళ్లో పనిచేసినా ఒకే దృశ్యం చూశాను: చేతిలో టీసీ పట్టుకుని, కొత్త తరగతి గుమ్మం దగ్గర నిలబడి, ఏ బెంచీలో కూర్చోవాలో తెలియని పిల్లవాడు. ఆ పిల్లవాడికి ఏడాది వృథా కాకుండా కాపాడేది ఒక ఏర్పాటు. బదిలీ అయ్యే ఉద్యోగుల పిల్లలకు దేశమంతటా ఒకే పాఠ్యప్రణాళిక ఉండాలని 1963లో 20 బడులతో కేంద్రీయ విద్యాలయాల పథకం మొదలైంది. విశాఖలో మూడో పాఠం దగ్గర ఆపినవాడు బిలాస్‌పూర్‌లో నాలుగో పాఠం దగ్గర మొదలుపెట్టగలుగుతున్నాడంటే కారణం అదే.

రేపు మీరు కాలేజీకి వెళతారు. అక్కడ ఈ సౌకర్యం ఇంత సులువుగా ఉండదు. అమ్మానాన్నలు ఒక ఊళ్లో, మీరు ఒక ఊళ్లో ఉంటారు. ఏదో ఒక సబ్జెక్టు కొరుకుడు పడదు. జబ్బు చేసి ఒక సెమిస్టర్ పోవచ్చు. ఫీజు కట్టే తేదీ దాటిపోవచ్చు. డిగ్రీలు ఆగిపోయేది చాలాసార్లు ఇలాంటి చిన్న కారణాల దగ్గరే. అందుకే యూనివర్సిటీలు కొన్ని ఏర్పాట్లు చేస్తాయి. వెనకబడినవాళ్లకు రెమిడియల్ క్లాసులు పెడతాయి. స్కాలర్‌షిప్పులు, హాస్టళ్లు ఉంటాయి. తెలుగు రాష్ట్రాల్లో కొన్ని యూనివర్సిటీలు, ఆఖరి ఏడాదిలో ఒక్క సబ్జెక్టు పోయినవాళ్లకు ఏడాది ఆగకుండా వెంటనే ‘ఇన్‌స్టంట్’ పరీక్ష పెడతాయి. 2021లో ‘అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్’ వచ్చింది. ఒక కాలేజీలో పాసైన పాఠాల క్రెడిట్లు అందులో మీ పేరు మీద జమ అవుతాయి. అందులో ఉన్న మరో కాలేజీలో చేరినప్పుడు, అక్కడి నిబంధనల ప్రకారం వాటిని వాడుకోవచ్చు. బ్యాంకు ఖాతా ఒక ఊరి నుంచి మరో ఊరికి వచ్చినట్టే, చదివిన చదువూ వెంట వస్తుంది.

అయితే ఈ ఏర్పాట్లు వాటంతట అవి మన దగ్గరికి నడిచి రావు. అడగాలి. కాలేజీలో చేరిన మొదటి వారంలోనే నోటీసు బోర్డు చదవండి. ఏ సహాయం ఎవరి దగ్గర దొరుకుతుందో కనుక్కుని రాసిపెట్టుకోండి. అర్థం కాని పాఠం గురించి పరీక్ష ముందు రోజు కాకుండా ముందే చెప్పండి. మీకు కావలసినది అక్కడ లేకపోతే, అది ఇంకెవరికి కావాలో కనుక్కుని అందరూ కలిసి వెళ్లి అడగండి. వాల్తేరులో హాస్టల్ అలాగే వచ్చింది.

చివరగా మీకో చిన్న ఇంటిపని. మన బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి తాతల కాలంలో వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నిన్నగాక మొన్న బదిలీ మీద వచ్చినవాళ్లూ ఉన్నారు. మీ ఇంట్లోనో పక్క క్వార్టర్‌లోనో ఇంటర్ దగ్గరో, డిగ్రీ రెండో ఏడాది దగ్గరో చదువు ఆపేసిన అక్కో, పిన్నో, అమ్మో తప్పకుండా ఉంటారు. పెళ్లయిందనో, బదిలీ అయిందనో, పాప పుట్టిందనో ఆపేసి ఉంటారు. ఈ సెలవుల్లో ఆమె దగ్గర కూర్చుని ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో అడగండి. దుర్గాబాయి కథ చెప్పండి. మన ఊళ్లోనే ఓపెన్ యూనివర్సిటీ ఉందనీ, అడ్మిషన్లు ఎప్పుడో కనుక్కుని వస్తాననీ చెప్పండి. ఆమె చేరితే, వచ్చే ఏడాది మన పత్రిక తెలుగు విభాగానికి ఆ సంగతి మీరే రాసి ఇవ్వాలి.